మంచు పడకముందే చేయాల్సిన కాపలా

మంగోలియాలో చలికాలాన్ని తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిది భాగాలుగా లెక్కపెడతారు. డిసెంబరు 22న మొదలై 81 రోజులు. మొదటి తొమ్మిదిలో పాలతో కాచిన సారా గడ్డకడుతుంది. మూడో తొమ్మిదిలో మూడేళ్ల ఎద్దు కొమ్ము, నాలుగో తొమ్మిదిలో నాలుగేళ్ల ఎద్దు కొమ్ము బిగుసుకుపోతాయి. ఐదో తొమ్మిదికి వండిన అన్నం బయట పెట్టినా గడ్డకట్టదు, ఆరో తొమ్మిదికి దారుల మీద మంచు కరిగి నేల కనిపిస్తుంది. గొర్రె, మేక, ఆవు, గుర్రం, ఒంటె అనే ఐదు రకాల జీవాల మీద బతికే దేశం అది. ఆ 81 రోజులు గట్టెక్కించడమే అక్కడి కాపరి ఏడాది పొడవునా చేసే పని.

గట్టెక్కని ఏళ్లను అక్కడివాళ్లు ‘జుద్’ అంటారు. లోతైన మంచు మేతను కప్పేస్తే తెల్ల జుద్. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి గిట్టకు లొంగని పలకైతే ఇనుప జుద్. అసలు మంచే పడక తాగడానికి ఏమీ లేకపోతే నల్ల జుద్. జీవాలను చలి ఒక్కటే చంపదు. వేసవిలో వానల్లేక గడ్డి ఎండితే ఒంట్లో కొవ్వు చేరదు. అలా బక్కచిక్కి శీతాకాలంలోకి అడుగుపెట్టిన గొర్రె మైనస్ 40 డిగ్రీలను ఆకలి కడుపుతో తట్టుకోలేదు.

ఈ సంగతి స్టెప్పీ కాపరులకు ఎప్పటినుంచో తెలుసు. 1253లో మంగోలుల దగ్గరికి ప్రయాణం కట్టిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి విలియం ఆఫ్ రుబ్రుక్, అక్కడి ప్రతి నాయకుడికీ ఏ కాలంలో ఏ బీడులో మేపాలో హద్దులతో సహా తెలుసునని రాశాడు. చలికాలానికి వాళ్లు దక్షిణాన వెచ్చటి చోట్లకు దిగుతారు. నీళ్లు లేని బీడులను మంచు కురిసే రోజుల కోసం అట్టిపెడతారు, ఎందుకంటే అప్పుడు జీవాలకు మంచే నీరు. అంతకు కొన్నేళ్ల ముందు మంగోలులను ఏలిన ఒగెదేయ్ ఖాన్, తాను చేసిన మంచి పనుల్లో నీళ్లు లేని నేలల్లో బావులు తవ్వించడాన్ని ఒకటిగా చెప్పుకున్నట్టు ‘మంగోలుల రహస్య చరిత్ర’ అనే గ్రంథంలో ఉంది. కొత్త బావి పడితే కొత్త బీడు చేతికొస్తుంది, పాత బీడుకు కొంత ఊపిరి ఆడుతుంది.

శీతాకాలపు విడిదిని దగ్గరగా చూస్తే ఈ తెలివి ఎంత లోతైనదో తెలుస్తుంది. వాయవ్యం నుంచి కొట్టే గాలికి కొండ అడ్డుండేలా, ఎండ పడే దక్షిణపు వాలులో దాన్ని ఎంచుకుంటారు. దొడ్డి నేల నిండా ఏళ్ల తరబడి పేరుకున్న గొర్రె పెంట ఉంటుంది. వేసవిలో విడిది ఖాళీగా ఉన్నప్పుడు అది ఎండుతుంది. శరత్తులో దాన్ని తవ్వి, పొడిచేసి పరుపులా పరుస్తారు. చలికాలంలో మంద మేతకు వెళ్లగానే తడిసిన పొరను గీకి తీసేసి, పొడి పెంట చల్లుతారు. గడ్డకట్టిన పెంటను దిమ్మెలుగా కోసి గోడలు పేరుస్తారు, పొయ్యిలోకీ అదే. మన ఊళ్లలో పిడకల విలువ తెలిసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. తడి నేల మీద పడుకున్న గొర్రె ఒంటి వేడి రాత్రికి రాత్రే నేలలోకి పోతుంది. పొడి పెంట ఆ వేడిని పోనివ్వదు. నీరసించిన ఆవుకు వీపు మీద ఫెల్టు కంబళి కడతారు. గుర్రాలను ముందు తోలితే అవి గిట్టలతో మంచును తవ్వుతాయి, ఆ జాడల్లో గొర్రెలు మేస్తాయి.

ఇవన్నీ చేసినా చాలని ఏడాది మిగిలేది ఒకటే దారి: దూరం పోవడం. దీన్ని ‘ఒతోర్’ అంటారు. చైనా చింగ్ వంశపు పాలనలో కాపరులను వాళ్ల వాళ్ల ‘ఖోషూన్’ అనే పాలనా విభాగాల హద్దుల్లో కట్టిపడేసినా, జుద్ వస్తే పొరుగువాళ్ల బీడు అడుక్కునే ఆనవాయితీ పూర్తిగా పోలేదు.

1944-45 జుద్ దేశంలోని జీవాల్లో దాదాపు మూడో వంతును తుడిచిపెట్టింది. 1950ల చివరికి మందలన్నీ ‘నెగ్‌దెల్’ అనే సహకార క్షేత్రాల కిందికి వచ్చాయి. కాపరికి మంద మీద హక్కు పోయింది, అది చిన్న నష్టం కాదు. అయినా జీవాల రక్షణ మట్టుకు చూస్తే ఆ మూడు దశాబ్దాల మేలును ఒప్పుకోక తప్పదు. కొయ్యతో కప్పు వేసిన కొట్టాలు లేచాయి, బావులు పడ్డాయి, పశువైద్యులు వచ్చారు. ఎండుగడ్డి కోసి ప్రభుత్వ అత్యవసర నిధిలో నిల్వ చేశారు. ఒతోర్‌కు లారీలు వచ్చేవి.

1990 తర్వాత, సోషలిస్టు పాలన పోవడంతో, ఇదంతా రెండు మూడేళ్లలో కూలిపోయింది. మందలు సొంతమయ్యాయి, మేత నిధి చితికిపోయింది, బావులు పాడుబడ్డాయి. ఉద్యోగాలు పోయిన పట్నవాసులు వేలకొద్దీ కాపరులుగా మారారు. శీతాకాలపు విడిది చూసుకోవడం, పెంట పరుపు సిద్ధం చేయడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. కాశ్మీరీ ఉన్నికి గిరాకీ పెరగడంతో మందల్లో మేకల వాటా అయిదో వంతు నుంచి 1999కల్లా దాదాపు మూడో వంతుకు చేరింది. గొర్రెతో పోలిస్తే మేక చలికి ఓర్చుకోలేదు. ఫలితం 1999 నుంచి వరసగా మూడు శీతాకాలాల్లో కనిపించింది: 3.36 కోట్ల జీవాలు 2002 చివరికి 2.39 కోట్లకు పడిపోయాయి. 2009-10లో మరో కోటి పోయాయి. మంద పోగొట్టుకున్న కుటుంబాలు ఉలాన్‌బాతర్ శివారు గుడారాల్లో చేరాయి. 2010 వసంతంలో సాయంగా వచ్చిన డబ్బులో కొంత కళేబరాలను పూడ్చే కూలికే ఖర్చయింది.

ఈ మధ్య వచ్చిన ప్రయత్నాల్లో నాకు బాగా నచ్చింది ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో 2006లో మూడు రాష్ట్రాల్లో మొదలైన పశుబీమా. కాపరి సొంత నష్టంతో దానికి లెక్క లేదు. ‘సోమ్’ అనే పాలనా విభాగం మొత్తంలో సగటున ఒక నిర్ణీత శాతానికి మించి జీవాలు చనిపోతే పరిహారం వస్తుంది. కాబట్టి కష్టపడి తన మందను కాపాడుకున్నవాడికీ డబ్బు అందుతుంది, అతని శ్రమ వృథా కాదు. అయితే బీమా మందను తిరిగి కొనిపెట్టగలదే తప్ప బతికించలేదు. ఆ లోటు పూడ్చడానికే మంగోలియా రెడ్‌క్రాస్, జుద్ ముప్పు పటాలు చూసి చావులు మొదలవకముందే నగదు, పోషకాల మేత పంచుతోంది.

ఇంత చేసినా 2023-24 చలికాలంలో 70 లక్షలకు పైగా జీవాలు చనిపోయాయి. అప్పటికి దేశంలో ఉన్నవి దాదాపు 6.5 కోట్లు, అంటే 1990 నాటికి రెండున్నర రెట్లు. పచ్చికబయలు మాత్రం పెరగలేదు. సాయం చేసే సంస్థలు, ప్రభుత్వం మార్చిలో కదలడం మానాలి. మేత, మందులు, డీజిల్ అక్టోబరులోపే కాపరి గుడారానికి చేరాలి, మంద ఎంత ఉండాలన్నది అంతకుముందే ఆ బీడు గడ్డిని చూసి తేల్చాలి.