కేశౌషధముల చరిత్ర: గుణదోష విచారము



తలవెండ్రుకలు రాలుటకు మందు వెదకుట నేటి వింత గాదు. సుశ్రుతాచార్యుడు దీనిని క్షుద్రరోగములలో జేర్చి, ఇంద్రలుప్తమనియు ఖాలిత్యమనియు పేర్కొనెను. వాతముతో గూడిన పిత్తము రోమకూపములను జేరుటచే వెండ్రుకలు రాలునని ఆయన మతము. మన శ్రీకాకుళ, విజయనగర మండలములలో గుంటగలగర ఆకు పసరును నూనెలో కాచి తలకు రాచుకొనువారు ఇప్పటికిని కలరు. అది పైపూత, గిట్టనిచో కడిగివేయవచ్చును.

కడుపులోనికి పుచ్చుకొను మాత్ర అట్టిది గాదు. మినాక్సిడిల్ అను మందు 1979లో అమెరికాలో తీవ్రమైన రక్తపుపోటునకు మాత్రగా అనుమతి పొందెను. దానిని మ్రింగిన రోగులకు ముఖముమీదను చేతులమీదను వెండ్రుకలు మొలచెను. వారికి తలవంపుగా నున్న ఆ దోషమునే గుణముగా మలచి, 1988లో తలకు రాచు ద్రావకముగా విడుదల చేసిరి. ఒకరికి కీడుగా తోచినది వేఱొకరికి మేలయ్యెను. మందు శక్తి మాత్ర మొక్కటే.

రెండవది ఫినాస్టెరైడ్. అది 1992లో వృద్ధపురుషుల ప్రోస్టేటు గ్రంథి పెరుగుదలకును, 1997లో 1 మిల్లీగ్రాము మోతాదున బట్టతలకును అనుమతి పొందెను. పరీక్షలలో దీనిని వాడినవారిలో నూటికి 3.8 మందికి దాంపత్యశక్తి లోపములు కనబడెను. మందులేని ఉత్తమాత్ర వాడినవారిలోను నూటికి 2.1 మందికి కనబడెను. భేదము స్వల్పమే. అయినను 2025లో ఐరోపా ఔషధ సంస్థ, ఆత్మహత్య తలంపులు కూడ ఈ మాత్రల ఉపద్రవమేయని నిర్ధారించెను. లెక్కలో చిన్నదైనను, ఆ కీడు తగిలిన యింటికి అది చిన్నది గాదు. గర్భిణులు విఱిగిన మాత్రను ముట్టరాదు. మఱియు మందు మానినచో ఏడాదిలో వచ్చిన ఫలమును పోవును.

మన ఉద్దానమున మూత్రపిండవ్యాధి విస్తరించియున్నది. మినాక్సిడిల్ మాత్ర దేహమున ఉప్పును నీటిని నిలుపును. కావున మూత్రపిండములు చెడినవారు వైద్యుని యడుగక దానిని తాకరాదు.

నాయొద్ద చదువుకొన్నవారు తమ కుమారుల పెండ్లి మాటలలో, "పంతులుగారూ, ఈ మాత్రలు వాడవచ్చునా?" అని యడుగుచుందురు. అర్హుడైన వైద్యుని చూచి, రక్తపుపోటు, గుండె, మనోవ్యథల సంగతి దాపఱికము లేక చెప్పి వాడవచ్చునందును. దాచి వాడుటయే మొదటి ప్రమాదము. పిల్లవాడు దాచుటకు కారణ మెవరు? పెండ్లిచూపులలో నెత్తిని జూచి నవ్వు మనమే. వెండ్రుక రాలుట ప్రాణహాని గాదు. దానికై ప్రాణమును పణముగా నొడ్డనీయకుండుట పెద్దల విధి.