కోర్టులో పసిపిల్లల తరఫున మాట్లాడేదెవరు?

ఈరోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. కోర్టులో ప్రభుత్వానికి లాయర్ ఉంటాడు, తల్లిదండ్రులకీ లాయర్ ఉంటాడు. మరి దెబ్బలు తిన్న మూడేళ్ళ పాపకి? ఆ పాపని ఇంటికి పంపాలా, వేరే కుటుంబానికి అప్పగించాలా అని కేసు నడుస్తుంటే, పాప వైపు నుంచి చెప్పేదెవరు?

దీని వెనక పెద్ద కథే ఉంది. 1874, న్యూయార్క్. మేరీ ఎలెన్ విల్సన్ అనే పదేళ్ళ పిల్లని పెంచుకున్నావిడ రోజూ కొట్టేది, గదిలో పెట్టి తాళం వేసేది. ఎట్టా వీలర్ అనే సేవకురాలికి విషయం తెలిసింది. ఎక్కడికెళ్ళినా పని కాలేదు. చివరికి జంతువుల రక్షణ సంఘం పెట్టిన హెన్రీ బర్గ్‌ని కలిసింది. "జంతువుల చట్టం కిందే ఆ పిల్లని కాపాడారు" అని చాలామంది చెప్తుంటారు. అది నిజం కాదు. బర్గ్ లాయర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ, మన హెబియస్ కార్పస్ లాంటి రిట్‌తో పిల్లని కోర్టుకి రప్పించాడు. తన బాధ తనే చెప్పుకుంది. ఆ పెంపుడు తల్లికి ఏడాది జైలు పడింది. ఆ వెంటనే పిల్లల కోసమే ప్రత్యేకంగా ఒక రక్షణ సంఘం పుట్టింది.

సరిగ్గా వందేళ్ళకి, 1974లో అమెరికా ఒక చట్టం తెచ్చింది. కేంద్రం నిధులు కావాలంటే, ఇలాంటి కేసుల్లో ప్రతి బిడ్డకీ కోర్టులో ఒక ప్రతినిధిని పెట్టాలంది. రూల్ బాగానే ఉంది. మరి మనుషులేరి?

1976లో సియాటెల్ జడ్జి డేవిడ్ సూకప్‌కి ఇదే దిగులు. చేతిలో చాలీచాలని సమాచారం, తీర్పేమో ఒక బిడ్డ జీవితం. మామూలు జనాన్నే అడిగితే? అనుకున్నాడు. భోజనం వేళ ఒక మీటింగ్ పెడితే 50 మంది వచ్చేశారు! 1977లో పని మొదలైంది. అదే ఈరోజు 'కాసా' పేరుతో అమెరికా అంతటా ఉంది.

వీళ్ళు లాయర్లు కాదు. 21 ఏళ్ళు నిండి, దాదాపు 30 గంటల ట్రైనింగ్ తీసుకున్న వాలంటీర్లు. సోషల్ వర్కర్ ముందు ఫైళ్ళ గుట్ట ఉంటుంది. వీళ్ళకి మాత్రం ఒకేసారి ఒకరిద్దరు పిల్లలే. ఆ బిడ్డని, టీచర్‌ని, డాక్టర్‌ని, ఇంట్లోవాళ్ళని కలిసి, చూసింది జడ్జికి రిపోర్ట్ రాస్తారు.

విమర్శలూ ఉన్నాయి. పేద కుటుంబం గురించి, ఆ పేదరికం తెలియని మనిషి చెప్పేది ఎంతవరకు న్యాయం? ఇంకోటి, బిడ్డ కోరుకునేది ఒకటి, వాలంటీర్ "బిడ్డకి మంచిది" అనుకునేది ఇంకోటి అయితే? అందుకే పిల్లలకి లాయర్ కూడా ఉండాలని గట్టిగా అడిగేవాళ్ళున్నారు.

మరి మన దగ్గర? 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద బాలల సంక్షేమ కమిటీలున్నాయి. 2020 పోక్సో రూల్స్ ప్రకారం, కేసు నడిచినంత కాలం బిడ్డకి తోడుగా ఒక 'సపోర్ట్ పర్సన్'ని కమిటీ పెట్టొచ్చు. పోలీసు స్టేషన్ అన్నా, కోర్టు అన్నా బెదిరిపోయే పిల్లలకి ఆ తోడే కొండంత ధైర్యం. కానీ ఈ సంగతి ఎన్ని ఇళ్ళల్లో తెలుసు?

మేరీ ఎలెన్ 92 ఏళ్ళు బతికింది. ఒక కూతురికి ఎట్టా అని పేరు పెట్టుకుంది. తనకోసం నిలబడ్డ ఒక్క మనిషిని ఆ పిల్ల ఎప్పటికీ మర్చిపోలేదు.

మీ చుట్టుపక్కల ఏ బిడ్డైనా కష్టంలో ఉంటే 1098కి ఫోన్ చేయండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం!