కెమెరా ఆగినచోట పెన్సిల్: బొమ్మల్లో అమిష్ జీవితం

పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్ కౌంటీ రోడ్ల మీద బూడిదరంగు కప్పున్న గుర్రబ్బండి కనిపించగానే పర్యాటకుల చేతుల్లో కెమెరాలు లేస్తాయి. బండిలోని మనుషులు ముఖం పక్కకు తిప్పుకుంటారు. రూపాలను చెక్కరాదన్న బైబిల్ ఆజ్ఞ అందుకు ఒక కారణం. తనను తాను చూపించుకోవాలన్న కోరిక గర్వానికి దారి తీస్తుందన్న నమ్మకం అంతకంటే బలమైన కారణం. అందుకే ఈ సమాజపు రోజువారీ బతుకును లోకానికి పరిచయం చేయడంలో గీతబొమ్మకు ప్రత్యేకమైన చోటు దక్కింది.

అమిష్‌లు బొమ్మలను పూర్తిగా కాదన్నవాళ్లు కారు. పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలనే స్విస్ అనబాప్టిస్టు క్రైస్తవుల నుంచి 1693లో జేకబ్ అమ్మన్ నాయకత్వంలో విడిపోయిన ఈ శాఖ 18వ శతాబ్దంలో అమెరికాకు వలస వెళ్లింది. వీళ్ల ఇళ్లలో బైబిల్ పక్కన కనిపించే పుస్తకం ‘మార్టిర్స్ మిర్రర్’, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల చరిత్ర. 1685 నాటి డచ్చి ముద్రణ కోసం యాన్ లౌకెన్ 104 రాగిరేకు చిత్రాలు చెక్కాడు. వాటిలో అందరికీ తెలిసింది డిర్క్ విలెమ్స్ బొమ్మ. 1569లో, పారిపోతున్న విలెమ్స్‌ను తరుముతూ వచ్చినవాడు మంచు పగిలి నీళ్లలో పడ్డాడు. విలెమ్స్ వెనక్కి తిరిగి, వంగి, రెండు చేతులూ చాచాడు. కాపాడినందుకు దక్కింది మరణశిక్షే. ఆ చాచిన చేతుల బొమ్మ ఇప్పటికీ అమిష్ పుస్తకాల్లో మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది.

అమెరికాలో వీళ్ల చేతి కళకు దారి చూపింది పెన్సిల్వేనియా జర్మన్ల ‘ఫ్రాక్టూర్’, అంటే అలంకార లిపి. పుస్తకం మొదటి పేజీలో యజమాని పేరు, చుట్టూ పూలు, పిట్టలు. లాంకాస్టర్‌కు చెందిన అమిష్ మహిళ బార్బరా ఎబర్సోల్ (1846–1922) ఇలాంటి పేజీలు ఎన్నో రాసింది. మనుషుల రూపాలతో పనిలేని కళ కాబట్టి సంఘానికి అభ్యంతరం లేకపోయింది.

అయితే ఈ చరిత్రలో ఎక్కువసేపు ఆగి చూడవలసిన మనిషి హెన్రీ లాప్ (1862–1904). లాంకాస్టర్ అమిష్ వడ్రంగి. చెవుడు. కొనడానికి వచ్చినవాళ్లతో మాటలు సాగవు కనుక, తాను చేయగల సామానునంతా ఒక చిన్న పుస్తకంలో రంగుల్లో గీసి పెట్టుకున్నాడు. బల్లలు, సొరుగుల బీరువాలు, పెట్టెలు. వచ్చినవాళ్లు పేజీ తిప్పి, కావలసినదాని మీద వేలు పెడితే చాలు. ఏ సొరుగు ఎక్కడ, పిడి ఎక్కడ, కాలు ఎంత ఎత్తు, అన్నీ వడ్రంగి కంటితో గీసినవే. మనిషి బొమ్మ అవసరం లేకుండానే ఆ ఇళ్లలో ఏం వాడేవాళ్లో, దేన్ని అందం అనుకునేవాళ్లో ఆ పుస్తకం చెబుతుంది. ఇప్పుడది ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. అమిష్ జీవితం మీద వచ్చిన బొమ్మలన్నిటిలో అదే అత్యంత నిజమైనదని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు.

బయటివాళ్ల పెన్సిళ్లు జోరుగా కదిలింది 1930ల నుంచి. మార్గరెట్ డి ఏంజెలి 1936లో ‘హెనర్స్ లిడియా’ రాసి తానే బొమ్మలు వేసింది. తండ్రితో సంతకు వెళ్లాలని ఆశపడే అమిష్ పాప కథ అది. 1944లో వచ్చిన ఆమె ‘యోనీ వండర్‌నోస్’ పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డికాట్ ఆనర్ అందుకుంది. 1941లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున ఇర్వింగ్ రుసినో లాంకాస్టర్ అమిష్ పొలాలను, ఇళ్లను కెమెరాతో చిత్రించాడు. విలువైన పనే. కానీ పిల్లల పుస్తకాల్లోని గీతలు అంతకంటే చాలా దూరం ప్రయాణించాయి.

తండ్రీకొడుకులైన చిత్రకారులు కీల్, క్రిస్టియన్ న్యూస్వాంగర్ల పుస్తకం ‘అమిష్‌లాండ్’ 1954లో వెలువడింది. మరుసటి ఏడు న్యూయార్క్ బ్రాడ్వేలో అమిష్‌ల నేపథ్యంతో ‘ప్లెయిన్ అండ్ ఫ్యాన్సీ’ సంగీత నాటకం ఆడింది, లాంకాస్టర్‌కు పర్యాటకులు పోటెత్తారు. అమ్మకానికి పెట్టే బొమ్మలూ పెరిగాయి. పిల్లల రచయిత్రి, చిత్రకారిణి లోయిస్ లెన్స్కీ మాత్రం తన ప్రాంతీయ కథలకు ఆయా ఊళ్లకు వెళ్లి, పిల్లలతో మాట్లాడి, స్కెచ్‌లు వేసుకునేది. 1963 నాటి ‘షూ-ఫ్లై గర్ల్’లో ఆమె చిత్రించింది లాంకాస్టర్ అమిష్‌లనే.

ఈ జీవితానికీ పెన్సిల్‌కూ పొత్తు బాగా కుదురుతుంది. నల్లకోటు, తెల్లని తలకట్టు, బూడిదరంగు బండి: గ్రాఫైట్‌కు కావలసిన మూడు ఛాయలూ అక్కడే ఉన్నాయి. కొట్టం కట్టేరోజు దూలాల మీద పదుల మంది మగవాళ్లు, దండెం మీద వరసగా ఆరే బట్టలు, దున్నే కంచరగాడిదలు, ఇవన్నీ గీతకు ఒదిగే దృశ్యాలే. చేయి తిరిగిన చిత్రకారుడు గడ్డి టోపీ అంచు వెడల్పును కూడా వదలడు, ఎందుకంటే సంఘాన్ని బట్టి ఆ కొలత మారుతుంది.

పెన్సిల్ దాచేదీ ఉంది. లాంకాస్టర్ ఆడవాళ్లు ఊదా, ఆకుపచ్చ, నీలం దుస్తులు వేసుకుంటారు. వాళ్లు కుట్టే క్విల్టుల రంగులు కళ్లు చెదిరేంత గాఢం. నలుపు తెలుపుల్లో అదంతా దిగులు జీవితంలా తోస్తుంది. అంతకన్నా పెద్ద లోపం ముఖాన్ని ఖాళీగా వదిలేయడం. అమిష్ ఆడపిల్లల గుడ్డబొమ్మలకు కళ్లూ ముక్కూ ఉండవు కాబట్టి మనుషులనూ అలాగే గీస్తే గౌరవం చూపినట్టేనని కొందరు అనుకున్నారు. దాంతో జ్ఞాపికల దుకాణాల్లో ప్రతి అమిష్ మనిషీ బొమ్మలా మిగిలాడు. పని మీద వంగిన మనిషిని పక్కనుంచో వెనకనుంచో గీసినవాళ్లు ముఖం చూపరాదన్న నియమాన్నీ, ఆ మనిషి వ్యక్తిత్వాన్నీ రెండిటినీ కాపాడారు.

ఇంతలో అమిష్‌లే తమ ప్రచురణలు మొదలుపెట్టారు. కెనడాలోని ఎయిల్మర్‌లో 1964లో పాత్‌వే పబ్లిషర్స్ ఏర్పడింది. 1968 నుంచి ‘ఫ్యామిలీ లైఫ్’ మాసపత్రిక వస్తోంది. ఒకే గది బడుల్లో చదివే వాచకాలనూ వీళ్లే వేశారు. వాటిలో ఫొటోలుండవు, గీతబొమ్మలుంటాయి. 1900 ప్రాంతంలో ఐదారు వేలున్న అమిష్ జనాభా ఇప్పుడు నాలుగు లక్షల దరిదాపుల్లో ఉంది కనుక, తమ జీవితాన్ని తమవాళ్ల గీతల్లో చూసుకుంటూ పెరిగే పిల్లల సంఖ్య చిన్నదేమీ కాదు.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లాంకాస్టర్ ఒక్కరోజులో చూసిరాగల దూరం. వెళ్లినప్పుడు ఫోను జేబులోనే ఉంచండి. పిల్లల చేతికి కాగితం, పెన్సిల్ ఇచ్చి, కొట్టాన్నో బండినో గీయమనండి. మనుషుల్ని గీయాలనిపిస్తే ముందు అడగమనండి.