నిత్యజీవితంలో మట్టిపాత్ర

బ్రహ్మగిరి అనగానే చరిత్ర విద్యార్థులకు అశోకుని శాసనం స్ఫురిస్తుంది. కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాకు చెందిన ఆ స్థలంలో శాసనం కంటె ప్రాచీనమైన కుండపెంకులు కూడ ఉన్నవి. 1947లో మోర్టిమర్ వీలర్ జరిపిన త్రవ్వకాలలో అడుగు పొరలందు చేతితో మలచిన ముతక బూడిదరంగు పాత్రలు, వాటి తరువాత బృహచ్ఛిలాయుగపు నలుపు-ఎరుపు పాత్రలు, ఆపైన వేగంగా తిరిగే సారెపై చేసిన పాత్రలు లభించినవి. ఈ మూడవ దశకు వీలర్ ‘ఆంధ్ర సంస్కృతి’ అని పేరు పెట్టినాడు. అన్నం వండుకొన్న కుండలే ఒక జాతి చరిత్రకు ఆధారములైనవి.

కుమ్మరి పని చూచుటకు సులభము, నేర్చుటకు కష్టము. చెరువుమట్టిని నానబెట్టి, రాళ్ళు ఏరి, ఇసుక కలిపి, కాళ్ళతో మర్దించవలెను. సారెమీద మూతి, మెడ తీరుతవి. కొంత ఆరిన పిమ్మట లోపల రాతిని ఆనించి, వెలుపల చెక్కతో మెల్లగా కొట్టగా అడుగు గుండ్రమై, గోడ పలుచనగును. ఆ గుండ్రని అడుగు మూడు రాళ్ళ పొయ్యిపై కుదురుగా నిలిచి, వేడిని సమంగా గ్రహించును. నీడన ఆరిన కుండలను ఆవములో పేర్చి కాల్చుదురు. కాలిన మట్టిలోని సన్నని రంధ్రముల గుండా నీరు చెమర్చి ఆవిరియగుట చేతనే కడవనీరు చల్లబడును.

పూర్వం ప్రతి పనికి ఒక పాత్ర ఉండెడిది. నీటికి కడవ, కూరకు అటిక, పాలు పెరుగులకు దుత్త, మూతకు మూకుడు, ధాన్యానికి బాన.

1898లో మద్రాసు కళాశిల్ప పాఠశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీని ప్రారంభించినాడు. తేలికైనవి, పగలనివి అగుటచే ఆ పాత్రలు వంటయిండ్లలో స్థిరపడినవి. తరువాత స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లాస్టిక్కు వచ్చినవి. గృహిణికి శ్రమ తగ్గిన మాట నిజము. కుమ్మరికి బేరము తగ్గిన మాటయు నిజమే.

తెలుగువారి కుమ్మరి కన్నడంలో కుంబార, మరాఠీలోను ఒడియాలోను కుంభార. ఎక్కడ స్థిరపడినను తెలుగు కుటుంబములకు పొరుగుభాషలో ఆ వృత్తి పేరు పరిచితమే. కాని అటిక, దుత్త వంటి మాటలకు ఇల్లే ఆశ్రయము. పాత్ర వంటయింటిని విడిచిన నాడు ఆ మాటయు పిల్లల నోటిని విడుచును. పెండ్లిలో అరివేణి కుండలకు పూజ చేయు ఇండ్లలో మరునాడు త్రాగునీటికి ఒక కడవయైనను ఉండవలదా?

కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అన్నారు పెద్దలు. వేలయేండ్ల విద్య విషయంలోను ఆ సామెత సత్యమే.