అనాథశాల నుండి గానశాలకు

1919వ సంవత్సరము జనవరి మాసమున, అప్పటి రాజప్రతినిధియగు చెమ్స్‌ఫర్డు ప్రభువు, ఛోటానాగపూరు అడవుల నడుమ వెలసిన సాక్చి అను ఉక్కుపట్టణమునకు జంషెడ్‌జీ టాటా పేరున జంషెడ్‌పూరు అని నామకరణము చేసెను. సమీపమునగల కాలీమాటీ రైలుస్టేషను టాటానగరమయ్యెను. ఆ సంవత్సరముననే దక్షిణముగా, కళింగతీరమునకు చేరువనున్న విజయనగరమున, మహారాజు పూసపాటి విజయరామ గజపతి ఒక గానపాఠశాలను స్థాపించెను. ఒకచోట కొలుములు, రెండవచోట తంబురలు. ఈ రెండు ఊళ్లకును సంబంధమేమియని ఎవరైనను అడుగవచ్చును. సంబంధము కలదు. సంగీతమును నిలుపువారెవరు అను ప్రశ్నకు రాజాస్థానమున్న ఊరు ఒక సమాధానము చెప్పినది. రాజాస్థానము లేని ఊరు మరియొక సమాధానము చెప్పవలసియున్నది. ఆ సమాధానమునకు ఆధారముగ ఐరోపా చరిత్రలోని ఒక ఘట్టమును పరిశీలించుట ఉచితము.

ఐరోపా సంగీతచరిత్రలో రమారమి 1600 మొదలు 1750 వరకుగల కాలమును ‘బరోకు’ యుగమని వ్యవహరింతురు. గుండ్రదనము కుదరని ముత్యమును పోర్చుగీసువారు ‘బరోకో’ అనెడివారు. అలంకారము మితిమీరినదను నిందగా పుట్టిన ఆ మాట కాలక్రమమున గౌరవనామమైనది. ఆ యుగపు వాద్యసంగీతమున ఒక శాఖకు ‘గదిసంగీతము’ అని పేరు. దేవాలయమునకు ఉద్దేశించిన రచన వేరు, గదికి ఉద్దేశించిన రచన వేరు అని ఇటలీవారు విభజించుకొనిరి. గది యనగా ఇచట ప్రభువుల కొలువుకూటము. నలుగురైదుగురు వాదకులు, ఇరువదిముప్పది మంది శ్రోతలు: అంతియే దాని ప్రపంచము. ఇది తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. అదే పదునేడవ శతాబ్దమున తంజావూరున విజయరాఘవ నాయకుని కొలువులో క్షేత్రయ్య పదములు వినిపించిన కూటమును అట్టిదే. వేంకటమఖి డెబ్బదిరెండు మేళములను లెక్కకట్టి శాస్త్రమున నిలిపినదియు ఆ శతాబ్దముననే.

గదిసంగీతము నడచు తీరు గమనింపదగినది. ‘త్రయ సొనాటా’ అను రచనాభేదమును రోమునగరమున కోరెల్లి 1681లో వెలువరించిన సంపుటితో మొదలిడి ప్రశస్తమొనరించెను. పేరున ముగ్గురేకాని వాయించువారు సాధారణముగ నలుగురు. రెండు వయొలినులు పైస్థాయిలో ఒకదానినొకటి తరుముకొనుచుండును; అడుగున సెల్లో వంటి మంద్రవాద్యమొకటి సాగును; ఆ మంద్రస్వరముల ననుసరించి హార్ప్సికార్డు వాదకుడు నడుమ ఖాళీని పూరించును. ఈ నాల్గవ వానికి పూర్తిరచన వ్రాసి ఇయ్యబడదు. మంద్రస్వరముల పొంత కొన్ని అంకెలు మాత్రముండును. ఆరు అని యున్నచో ఏ స్వరములు పొసగునో అతడెరిగి, అప్పటికప్పుడు కల్పించి వాయింపవలెను. ఇది కర్ణాటక సంగీతమునందలి మనోధర్మమునకు దూరపుచుట్టము. కాలమును చేతితో నిర్దేశించు నాయకుడు కూటమున లేడు. ఒకని ఊపిరిని మరియొకడు విని, కమాను ఎత్తుటలో, దించుటలో ఏకీభవింపవలెను. ఎవరి భాగమును వారు తప్పులేకుండ వాయించినను, ఇతరులను వినని వాదకుడు గదిసంగీతమునకు పనికిరాడు.

ఇట్టి విద్య ఒంటరిసాధనచే అలవడునది కాదు. చిన్ననాటినుండి కలిసి నేర్వవలసినది. ఆ కూటశిక్షణ ఎచట జరిగినదో చూచినచో ఆశ్చర్యము కలుగును. నేడు ప్రపంచమంతట సంగీత కళాశాలలకు ‘కన్సర్వేటరీ’ అను పేరు కలదు. సంగీతమును సంరక్షించు తావు కనుక ఆ పేరు వచ్చినదని పలువురు తలంతురు. వాస్తవమున ఆ మాటలోని సంరక్షణ పిల్లలది. 1537లో నేపుల్సు నగరమున సాంతా మరియా ది లొరేతో అను శాల అనాథబాలురకు తిండి, బట్ట, నీడ యిచ్చుటకు ఏర్పడెను. క్రమముగ అట్టి శాలలు నాలుగయ్యెను. అచటి బాలురు చేతిపనులతో పాటు పాటయు నేర్చిరి. ఊరేగింపులలో, ఆలయములలో పాడి శాలకు సంపాదించిరి. కొంతకాలమునకు సంగీతమే ప్రధానవిద్యయైనది. ఇరువదియారేండ్ల ప్రాయముననే మరణించిన పెర్గొలేసి అను మహారచయిత, నేపుల్సునందలి ‘క్రీస్తు పేదబిడ్డల శాల’లో చదివినవాడు.

1770లో ఆంగ్ల సంగీతచరిత్రకారుడు చార్లెసు బర్నీ నేపుల్సునందలి ఒక శాలను దర్శించెను. ఒకే గదిలో పలువురు బాలురు ఒకేసారి, వేరువేరు శ్రుతులలో, వేరువేరు పాఠములను సాధన చేయుచుండుట చూచి అతడు విస్తుపోయెను. ఆ గదిలోనే వారి పడకలు. ఆ కోలాహలమున సున్నితపు పలుకుబడి ఎట్లలవడునని అతడు శంకించెను. శంక న్యాయమైనదే. కాని ఆ గది లేకున్నచో వీధిపాలు కావలసిన పిల్లలు ఐరోపా నాటకశాలలకు గాయకులును రచయితలును ఐరనుటయు సత్యమే.

వెనిసు నగరమున ఈ కథ బాలికలది. విడిచిపెట్టబడిన శిశువులను పెంచు పియెతా ఆశ్రమమున 1703లో ఆంతోనియో వివాల్ది వయొలిను గురువుగా నియుక్తుడయ్యెను. ఆ ఆశ్రమబాలికలు మేడపై ఇనుపజాలీల చాటున నిలిచి వాయించుచుండ, క్రింద దేశదేశముల నుండి వచ్చిన శ్రోతలు వినెడివారు. వివాల్ది రచనలలో పెక్కు ఆ బాలికల చేతులకొరకు పుట్టినవి. వారిలో ఆన్నా మరియా అను ఆమె అగ్రగణ్యురాలు. తల్లిదండ్రుల పేరు లేనందున వాద్యమే ఆమెకు ఇంటిపేరైనది. ‘వయొలిను ఆన్నా మరియా’ అని ఆమెను పిలిచిరి.

ఆ వయొలినే పందొమ్మిదవ శతాబ్దారంభమున చెన్నపట్టణపు కోటలోని ఆంగ్లేయుల వాద్యబృందము ద్వారమున దక్షిణదేశ సంగీతమున ప్రవేశించెను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపీయుని వద్ద దానిని నేర్చి, కర్ణాటక సంగీతమునకు అనువుగ మలచెను. అన్నగారు ఆ వాద్యబృందపు వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చగా అవి నోటుస్వరములను పేర ప్రసిద్ధములైనవి. ఈ వంశమునకు చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమున వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగుభాషలోని గ్రంథమగుట తెలుగువారు మరువరాని సంగతి.

విజయనగర గానపాఠశాల పుట్టుకను గూర్చి ఆ ప్రాంతమున ఒక కథ ప్రచారమునందున్నది. ఆస్థానోద్యోగి ఒకని కుమారుడు చూపులేనివాడు. ఆ బాలుని కోరిక ఏమని ప్రభువు అడుగగా సంగీతము నేర్వవలెనని చెప్పెననియు, వానికొక్కనికై తలపెట్టిన ఏర్పాటు పాఠశాలయై పదుగురకు తలుపు తెరచెననియు చెప్పుకొందురు. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి ప్రథమాధ్యక్షుడు. విద్యార్థిగ చేరవలెనని వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడు వాద్యమును విని, ఇతనికి చెప్పదగిన పాఠము మావద్ద లేదని తలచి, అతనినే వయొలిను ఆచార్యునిగ నియమించిరి. అప్పటికి అతని వయస్సు ఇరువదియారు. చూపు మందగించుటచే బడిచదువు సాగని ఆ మహావిద్వాంసునకు వాద్యమే జీవితమైనది. ప్రజలు ఆయనను ‘ఫిడేలు నాయుడు’ అనిరి. వెనిసునందు ఆన్నా మరియాకు వలె ఇచటను వాద్యమే ఇంటిపేరయ్యెను.

పోలికలున్నను దారులు వేరు. ఐరోపా వాదకుడు వాద్యమును మెడక్రింద ఆనించి నిలుచును. తెలుగు వాదకుడు నేల కూర్చుండి దాని తలను పాదముపై నిలుపును. అచట నాలుగు తీగెలును పంచమాంతరమున నాలుగు వేర్వేరు స్వరములు పలుకును. ఇచట షడ్జపంచమములే రెండు స్థాయిలలో పలుకును. అచట పలుస్వరములు ఏకకాలమున కలిసి నిర్మాణమగును. ఇచట ఒక్క స్వరము గమకముతో సాగి రాగమగును. నాయుడుగారు పాశ్చాత్యుల కమాను మెలకువలను శ్రద్ధతో గ్రహించిరి, కాని రాగమును విడువలేదు. బాఖు రచనలకు భాష్యకారుడని పేరొందిన యెహూది మెనూహిన్ 1952లో భారతదేశమునకు వచ్చినపుడు మదరాసున ఆయన వాదనమును విని ముగ్ధుడయ్యెను. తన దారిలో స్థిరముగ నిలిచినవానికే ఎదుటిదారి అందము తెలియునని ఆ సమావేశము చాటినది.

ఇక జంషెడ్‌పూరు. 1912లో తొలిఉక్కు వెలువడినది మొదలు నానాభాషలవారు ఆ ఊరికి చేరిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తెలుగుకుటుంబములు పెక్కు అచటికి తరలిపోయెను. బిష్టుపూరున ఆంధ్రుల రామమందిరము వారి ఉనికికి చిహ్నము. ఆ పట్టణమున కొలువులేదు, సంస్థానాధీశుడు లేడు. పాశ్చాత్య సంగీతశిక్షణకు సమీపకేంద్రము 1915లో ఏర్పడిన కలకత్తా సంగీతపాఠశాల. అయినను ఉక్కుపట్టణమునకు ఈ సంగీతము బొత్తిగా పరాయిది కాదు. బరోకు కాలమున వయొలినుకు గొర్రెప్రేగుల తీగెలే కట్టెడివారు. ఇరువదవ శతాబ్దపు తొలిదశాబ్దములలో పైతీగె ఉక్కుదయ్యెను. వీణకును ఉక్కుతీగెయే. కరగించి, సాగదీసి, సన్నముచేసి తీగెను తీయుట ఆ ఊరి కార్మికుల కెరుకైన పని.

రాజాదరణ శాశ్వతము కాదని చరిత్ర పలుమార్లు చూపినది. నేపుల్సునందలి నాలుగు శాలలును ఆదాయము తరిగి, ఒకటొకటిగ మూతపడి, పందొమ్మిదవ శతాబ్దారంభమునకు ఒక్క ప్రభుత్వవిద్యాలయముగ మిగిలెను. 1795లో పారిసున నెలకొన్న సంగీతవిద్యాలయము విప్లవ ప్రభుత్వపు సృష్టి. మదరాసు రాష్ట్రమున 1948 నాటి చట్టముతో జమీందారీలు అంతరించెను. విజయనగర గానపాఠశాల కూడ ప్రభుత్వ కళాశాలయై నిలిచినది. దాత మారినను శాల నిలిచిన తావులలో సంగీతము నిలిచినది. శాల చెదరిన తావులలో విద్వాంసుల పేరులు మాత్రము మిగిలినవి.

కావున జంషెడ్‌పూరు వంటి ఊరిలో కళాశాల చదువు ముగించిన నలుగురు యువవాదకులు కోరెల్లిని వాయించినపుడు శ్రోతలు కరతాళములతో తమ ధర్మము తీరినదని తలంపరాదు. ఆ నలుగురు ఒకరినొకరు వినుట నేర్చుటకు పదియేండ్లు పట్టియుండును. ఆ పదియేండ్లు వారికి ఒక గదియు, ఒక గురువును, ఒక పూటభోజనమును ఎవరో సమకూర్చియుందురు. కొలిమి పనివాని బిడ్డకు సాయంకాలము తలుపు తెరచియుంచు గది యొకటి ఊరిలో కలదా అనునదే అడుగవలసిన ప్రశ్న. అది వయొలిను గదియైనను, వీణ గదియైనను, మృదంగపు గదియైనను ఒక్కటే. ‘కన్సర్వేటరీ’ అను మాటకు తొలియర్థము బిడ్డను కాపాడుట. సంగీతము ఆ బిడ్డతో పాటు పెరిగినది.