రామప్పగుడి నల్లరాతి మెరుగు

రామప్పగుడి మదనికలను జాయప సేనాని నృత్తరత్నావళికి శిలారూప వ్యాఖ్యానములుగా గ్రహించుట పరిపాటియైనది. సాహిత్యమును చదువుకొన్నవారమగుటచే మాకును ఈ మార్గము సహజముగనే తోచెను. కాని కాలక్రమము దీని కడ్డుపడుచున్నది. పాలంపేటలోని ఈ ఆలయమును గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించెనని అచటి శాసనమువలన తెలియుచున్నది. నృత్తరత్నావళి 1253–54 నాటిది. నలువదియేండ్ల తరువాత పుట్టిన గ్రంథము శిల్పి కాధారము కానేరదు. నాటి నాట్యసంప్రదాయమే శిల్పికిని, గ్రంథకర్తకును మూలమై యుండవచ్చును. అంతకు మించి చెప్పరాదు.

కావున గ్రంథమును కొంతసేపు మూసి, రాతినే చదువవలసి యున్నది. ఈ గుడి గోడలు ఇసుకరాతివి. ఆ రాయి రేణుమయమగుటచే తనపై బడిన వెలుతురును చెదరగొట్టును. రంగమండప స్తంభములును, చూరు క్రింది 12 మదనికలును నల్లని డోలరైటు రాతివి. ఇది సన్నని కణముల కూర్పు గల కఠినశిల. ఉలికి సులభముగా లొంగదు గాని, ఓర్పుతో నూరినచో అద్దమువలె మెరయును. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని నల్లరాతి నందియందును ఇట్టి నిగ్గే కన్పట్టును.

శిల్పి ఈ రాతి నెచట నిలిపెనో గమనింపదగును. మదనికలు చూరు నీడలో బయటికి వంగి యున్నవి. ఇసుకరాతితో చెక్కినచో ఆ నీడలో వాని రూపురేఖ లణగిపోయెడివి. నునుపెక్కిన నల్లరాయి నేలనుండి పైకి మరలిన వెలుతురు నందుకొని, భుజము, నడుము, మోకాలు మొదలగు వంపులపై సన్నని కాంతిరేఖలను నిలుపును. చూచువాడు నడచినకొలది ఆ రేఖయు జరుగును. కదలని ప్రతిమకు కదలిక అబ్బును.

ఈ మెరుగునకు పోలికను ప్రకృతియందే వెదకవలయునని మా అభిప్రాయము. నాగిని మేని చుట్టుకొన్న పాము నిగనిగ, ఒక మదనిక చీర లాగుచున్న కోతి చాపల్యము శాస్త్రమును చూచి చెక్కినవి కావు. కన్నులార చూచి చెక్కినవి. గుడికి చేరువనే కాకతీయుల నాటి చెరువు కలదు. నీట తడిసిన నల్లరాయి ఎట్లు మెరయునో ఆ శిల్పులకు తెలియనిది కాదు.

2021లో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. పరిశోధక విద్యార్థులు కరణముల పట్టికతో ఇచటికి వచ్చుట మంచిదే. కాని ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి ఒకే మదనిక క్రింద నిలిచి చూచిన పిమ్మటనే కలము పట్టుదురు గాక.