నమూనా ముందా, ప్రకటన ముందా? అమృతాంజనం చెప్పే పాఠం

కొద్దిపాటి పెట్టుబడితో వ్యాపారం మొదలుపెట్టిన వ్యక్తి తన సరుకును జనానికి ఎలా పరిచయం చేయాలి? పత్రికలో ప్రకటన వేయించాలా? లేక జనం చేరిన చోటికే సరుకును తీసుకువెళ్లాలా? మొదటి పద్ధతిని సంప్రదాయ ప్రకటన అనీ, రెండవదాన్ని ఈవెంట్ మార్కెటింగ్ అనీ నేడు అంటున్నాం. పేరు కొత్తదే కాని సమస్య పాతది. మన దేశ చరిత్రలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది.

భారతదేశంలో అచ్చయిన తొలి వార్తాపత్రిక 1780లో కలకత్తాలో వెలువడిన హికీ బెంగాల్ గెజిట్. అందులోనే వాణిజ్య ప్రకటనలు కనిపిస్తాయి. అయితే ప్రకటన చదవాలంటే అక్షరాలు రావాలి కదా! 1901 జనాభా లెక్కల నాటికి కూడా మన దేశంలో అక్షరాస్యులు సుమారు 5 శాతమే. అంటే పత్రికా ప్రకటన ఎంత బాగున్నా, అది నేరుగా చేరేది నూటికి ఐదుగురికి మించదు.

ఇటువంటి కాలంలో, 1893లో, కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆయన సంగీత సభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితంగా పంచిపెట్టారు. ఇందులోని ఔచిత్యాన్ని గమనించండి. తలనొప్పి తగ్గుతుందని ఎన్ని మాటల్లో చెప్పినా కొత్త మందును జనం వెంటనే నమ్మరు. నుదుటికి రాసుకుంటే మాత్రం దాని గుణం కొద్దిసేపటిలోనే తెలుస్తుంది. ఇక్కడ అక్షరాలతో పని లేదు, అనుభవమే సాక్ష్యం. పైగా నచ్చినవారు నలుగురికి చెబుతారు.

మరి ఈ పద్ధతికి లోపం లేదా? ఉంది. సభ ముగిసిందంటే అక్కడి ఖర్చు కూడా అంతటితో సరి. ఒక సభకు వచ్చేవారు కొన్ని వందలమందే. దూరపు ఊళ్లలోని కొనుగోలుదారుకు పేరు చేరాలన్నా, ఒకసారి వాడినవారు మరచిపోకుండా ఉండాలన్నా పదేపదే కనిపించే ప్రకటన కావాలి. నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువరించారు. అమృతాంజనం ఆదాయం పత్రికకు అండగా నిలిచింది. పత్రిక అమృతాంజనం పేరును తెలుగు ఇళ్లకు చేర్చింది. ఒక చిన్న సీసా అమ్మకం తెలుగువారి జాతీయోద్యమానికీ, సాహిత్యానికీ వేదికైన పత్రికను పోషించిందంటే, అమ్మకపు పద్ధతి ఎంపిక ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

అందరికీ సొంత పత్రిక ఉండదు. అటువంటి చిన్న ఉత్పత్తిదారులకు ప్రదర్శనలు ఆధారమయ్యాయి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు స్థానిక వస్తువుల ప్రచారానికి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ ప్రారంభించారు. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. అక్కడ ఒక్కొక్క వర్తకుడు విడిగా జనాన్ని రప్పించనక్కరలేదు. దుకాణం అద్దె చెల్లిస్తే చాలు, జనం ప్రదర్శన కోసమే వస్తారు.

తరువాతి కాలంలో ప్రకటనల స్వరూపం మారింది. 1967లో వివిధ భారతిలో, 1976లో దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. దీనితో అక్షరాస్యత అనే అడ్డు తొలగింది. కాని జాతీయ స్థాయి ప్రసార వ్యయం చిన్న వర్తకుడికి అందుబాటులో ఉండదు. అతనికి పాత ప్రశ్న అలాగే మిగిలింది.

దీని సమాధానానికి మూడు విషయాలు పరిశీలించాలి. సరుకు గుణం వాడి చూస్తేనే తెలుస్తుందా? కొనేవారు ఒకే ప్రాంతంలో ఉన్నారా, దూరదూరాన ఉన్నారా? ఇప్పుడు కావలసింది నమ్మకమా, జ్ఞాపకమా? నమ్మకం లేని చోట ప్రకటనకు పెట్టిన డబ్బు వృథా. నమ్మకం కలిగించిన తరువాత పేరు గుర్తుచేయకపోతే నమూనాలకు పెట్టిన డబ్బు వృథా. కనుక చిన్న పెట్టుబడిదారుకు అసలు నిర్ణయం రెండింటిలో ఏది గొప్పదన్నది కాదు. ఏది ముందు, ఏది తరువాత అన్నదే.